విండోస్ తిరిగి వేసిన తరువాత కూడా కంప్యూటర్ మందగించుట: కారణాలు, నివారణ

ఇంటి కంప్యూటర్ నత్తనడక పట్టినప్పుడు దానిని దుకాణానికి చేర్చి, ఫార్మాట్ చేయించి, విండోస్ తిరిగి వేయించుకొనడం బళ్ళారి మొదలు బరంపురం వరకు వాడుకలో ఉన్న వైద్యమే. చాలాసార్లు దీనితో వేగం తిరిగివస్తుంది. కొన్నిసార్లు మాత్రం ఇంటికి వచ్చిన యంత్రం మునుపటికంటె మందంగా నడుస్తుంది. అప్పుడు మరల ఫార్మాట్ చేయించాలన్న తొందర అనవసరం, ఒక్కొక్కప్పుడు ప్రమాదకరం కూడా.

మొదటి రోజు మందగమనం సహజమే. విండోస్ కొత్తగా వేసిన వెంటనే అప్‌డేట్లు దిగుమతి అవుతుంటాయి, డిఫెండర్ దస్త్రాలను పరీక్షిస్తుంటుంది, వెతుకులాటకు సూచిక తయారవుతుంటుంది. కొన్ని గంటలపాటు కంప్యూటర్‌ను పని చెప్పకుండా వెలిగించి ఉంచితే ఇవి ముగుస్తాయి. అప్‌డేట్ నడుమ కరెంటు పోతే విండోస్ చెడిపోయే అవకాశం ఉన్నందున, కోతలున్న ఊళ్లలో యూపీఎస్ మీద నడపడం మేలు.

రెండు రోజుల తరువాత కూడా మార్పు లేకుంటే డ్రైవర్లను చూడవలసి ఉంటుంది. స్టార్ట్ బొత్తాము మీద మౌస్ కుడి మీట నొక్కి డివైస్ మేనేజర్ తెరిస్తే, డ్రైవర్ లేని భాగాల పక్కన పసుపు గుర్తు కనిపిస్తుంది. డిస్‌ప్లే కింద ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉన్నచో గ్రాఫిక్స్ డ్రైవర్ పడలేదని అర్థం. కిటికీ జరిపినా, వీడియో చూచినా తెర తడబడుతుంది. మదర్‌బోర్డు తయారీదారు వెబ్‌సైటులో ఆ నమూనా సంఖ్యకు తగిన చిప్‌సెట్, గ్రాఫిక్స్ డ్రైవర్లు లభిస్తాయి. నెట్ డ్రైవరే లేకపోతే వేరొక కంప్యూటర్‌లో దింపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవలసిందే. ‘అన్ని డ్రైవర్లూ ఒకేసారి’ వేస్తామనే ఉచిత సాధనాల జోలికి పోకుండుట మంచిది. వాటితోపాటు పిలవని చుట్టాలు కూడా వస్తాయి.

దుకాణంలో 64 బిట్ విండోస్‌కు బదులు 32 బిట్‌ది వేసిన సందర్భాలూ ఉంటాయి. అప్పుడు 8 జీబీ ర్యామ్ ఉన్నా 4 జీబీకి మించి ఉపయోగపడదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ అన్నచోట ఈ వివరం కలదు. ఒకదాని నుండి మరొకదానికి మారుటకు తిరిగి కొత్తగా వేయడం తప్ప మార్గం లేదు.

ఇవన్నీ సరిగా ఉన్నప్పుడు అనుమానం హార్డ్‌డిస్కు మీదికి పోవాలి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ ఖాళీగా ఉండి, డిస్కు మాత్రం చాలాసేపు నూటికి నూరు శాతం చూపుతున్నదంటే రెండు అర్థాలు. ఒకటి, పళ్ళెము తిరిగే పాతరకం డిస్కు నేటి విండోస్ బరువు మోయలేకపోతున్నది. రెండవది, డిస్కు చెడిపోతున్నది. టకటకమను శబ్దం, దస్త్రం తెరిచేటప్పుడు నిమిషాల తరబడి నిలిచిపోవడం రెండవదానికి గుర్తులు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాధనం ‘కాషన్’ లేదా ‘బ్యాడ్’ అని చూపితే, ఇతర పరీక్షలన్నీ ఆపి ముందుగా పెళ్ళి ఫోటోలను, పొలం కాగితాల నకళ్లను వేరొక డిస్కుకు ఎక్కించుకోవాలి. చెడుతున్న డిస్కు మీద దీర్ఘమైన మరమ్మతు పరీక్షలు నడిపినా, మరల ఫార్మాట్ చేసినా మిగిలిన ప్రాణమూ పోవచ్చును. డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో ఉన్నవి సాధారణంగా సి డ్రైవ్‌లోనివేనని, ఫార్మాట్‌లో పోయేవి అవేనని చాలా ఇళ్లలో తెలిసేది ఆలస్యంగానే. అవి అప్పటికే పోయి ఉంటే ఆ డిస్కును వాడడం వెంటనే ఆపివేయాలి. కొత్త దస్త్రాలు పైన పడకపోతే తిరిగి రాబట్టే అవకాశం కొంత మిగులుతుంది.

డిస్కు బాగున్నా లేకున్నా ఎస్ఎస్‌డి అమర్చుటకు మించిన చికిత్స పాత డెస్క్‌టాప్‌కు లేదు. సాటా తీగ ఉన్న ఏ యంత్రానికైనా రెండున్నర అంగుళాల ఎస్ఎస్‌డి సరిపోతుంది. విండోస్‌ను దాని మీద వేసి, పాత డిస్కు ఆరోగ్యంగా ఉంటే ఫోటోలకు వాడుకోవచ్చును.

కేబినెట్ తెరిచినప్పుడు సీఆర్ 2032 అనే నాణెపు బ్యాటరీని కూడా మార్చుట మంచిది. అది నీరసిస్తే గడియారం వెనుకకు పోయి, సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు, అప్‌డేట్లూ విఫలమవుతాయి. బయోస్ అమరికలు చెదిరి కొన్ని బోర్డులలో డిస్కు అమరిక ఏహెచ్‌సీఐ నుండి పాత ఐడీఈ పద్ధతికి జారిపోవచ్చు. ఆ అమరికను విండోస్ వేయుటకు ముందే సరిచూడాలి. తరువాత మారిస్తే యంత్రం తెరుచుకోకుండా నీలితెర చూపవచ్చును.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 కోరుతుంది కనుక అనేక పాత యంత్రాలు దానికి అర్హం కావు. అటువంటి వాటిలో తేలికైన లినక్స్ మింట్ చక్కగా నడుస్తుంది, కాని బ్యాంకు, పన్నుల పనులకు వాడే విండోస్ సాధనాలు దానిలో నడుస్తాయో లేదో ముందే చూచుకోవాలి.

ఇక సరిహద్దు ఊళ్లలో తరచుగా ఎదురయ్యే చిక్కు వేగానిది కాదు, లిపిది. అను ఫాంట్లతో కూర్చిన పాత తెలుగు పత్రాలు కొత్త విండోస్‌లో అర్థంలేని రోమను అక్షరాలుగా కనిపిస్తాయి. పత్రం చెడిపోలేదు, ఫాంటు లేదు, అంతే. అదే ఫాంటును తిరిగి వేస్తే అక్షరాలు తిరిగి వస్తాయి. యూనికోడ్ పత్రాలను విండోస్ 10, 11లలో నిర్మల యూఐ ఫాంటు చూపుతుంది. పాత గౌతమి, వాణి ఫాంట్లు కావలసినవారు ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు అదనపు ఫాంట్లను చేర్చుకోవచ్చును. కనుక ఫార్మాట్‌కు ముందు పత్రాలతోపాటు సి డ్రైవ్‌లోని ఫాంట్స్ ఫోల్డరును కూడా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకొనవలెను.