బూస్టర్ల రాకపోకలు

ఉగాది సంచికలో రాకెట్ల ముచ్చట యేమిటని పెద్దలు అడుగవచ్చును. బళ్లారి నుండి రాయదుర్గము మీదుగా చిక్కజాజూరు పోవు లైనులో చళ్లకెరె అను స్టేషను ఉన్నదని మన వారందరికిని తెలిసినదే. ఆ ఊరి దాపున 2023, 2024 సంవత్సరములలో జరిగిన పని యొకటి చరిత్రకెక్కినది. దాని విలువ తెలియవలెనన్న ముందుగా కొన్ని దశాబ్దములు వెనుకకు, అమెరికా తూర్పు తీరమునకు పోవలసియున్నది.

రాకెట్టుకు నేల విడిచిన మొదటి రెండు మూడు నిమిషములే మిక్కిలి కష్టము. బరువు పూర్తిగా నుండును, గాలి దట్టముగా నుండును. ఆ కష్టమును మోయుటకు కట్టినదే బూస్టరు. క్యాజిల్‌రాక్ ఘాటు ఎక్కు బండికి వెనుక బ్యాంకరు ఇంజను తగిలించుట మేము రైల్వేవారము ఎరుగుదుము. ఇదియు అట్టిదే. అయితే మన బ్యాంకరు బండిని ఘాటు దాటించి, మరొక బండి కొరకు వచ్చి నిలుచును. రాకెట్టు బూస్టరు మాత్రము చాలకాలము ఒక్క ప్రయాణముతోనే సముద్రము పాలగుచు వచ్చినది.

1972లో అధ్యక్షుడు నిక్సను స్పేస్ షటిలుకు అనుమతి ఇచ్చినప్పుడు ఈ వృథాను మాన్పవలెనని సంకల్పించినారు. షటిలుకు ఇరుప్రక్కల రెండు బూస్టర్లు. ఒక్కొక్కటి 149 అడుగుల పొడవు, 12 అడుగుల అడ్డకొలత, లోపల సుమారు 500 టన్నుల మందు. ఉక్కు గొట్టములు 20 సార్లు పనికి వచ్చునట్లు కట్టినారు. 1981 ఏప్రిల్ 12న మొదటి షటిలు లేచినది.

బూస్టరు పని రెండు నిమిషములే. సుమారు 45 కిలోమీటర్ల ఎత్తున విడివడి, పారాచూట్లు విచ్చుకొని, తీరమునకు 140 మైళ్ల దూరమున గంటకు 50 మైళ్ల వేగముతో నీటిలో పడెడిది. అక్కడ లిబర్టీ స్టార్, ఫ్రీడమ్ స్టార్ అను రెండు ఓడలు కాచుకొని యుండెడివి. గజఈతగాండ్రు దిగి, నిలువుగా తేలుచున్న బూస్టరు అడుగుమూతికి బిరడా బిగించి, లోనికి గాలి కొట్టి నీరు వెడలగొట్టెడివారు. అంతట అది దుంగవలె ప్రక్కకు ఒరిగి తేలెడిది. ఓడకు కట్టి కేప్ కెనవెరల్ దాకా ఈడ్చుకొని వచ్చెడివారు. ఉప్పునీరు లోహమునకు శత్రువు గనుక వెంటనే కడుగవలెను, విడదీయవలెను.

అటుపైన రైల్వేవారి పని. విడదీసిన గొట్టములు గూడ్సుబండిపై రెండువేల మైళ్లకు పైబడి ప్రయాణము చేసి యూటా రాష్ట్రమునకు పోయెడివి. అక్కడ వాటిని శుభ్రపరచి, పరీక్షించి, మందు కూరి, మరల రైలు మీదనే ఫ్లోరిడాకు పంపెడివారు. ఆకాశయాత్ర గొప్పను ఎందరో వ్రాసినారు గాని ఈ గూడ్సుబండిని తలచినవారు తక్కువ. 2007 మే 2న అలబామా రాష్ట్రములో ఈ భాగములతో వచ్చుచున్న బండి, వంతెన కూలి పట్టాలు తప్పినది. కొందరు గాయపడినారు. మందు అంటుకొనలేదు, అదియే పదివేలు.

ముప్పది యేండ్లలో 135 ప్రయాణములు, 270 బూస్టర్లు. నాలుగు తప్ప అన్నియు చేతికి వచ్చినవి. 1982లో రెండు పారాచూట్లు చెడి మునిగిపోయినవి. తక్కిన రెండు 1986 నాటివి, వాటి సంగతి చెప్పవలసియున్నది.

1986 జనవరి 28న ఛాలెంజరు షటిలు కుడి బూస్టరు కీలులో రబ్బరు వలయము చలికి బిగిసి, సందులో నుండి మంట వెలికి వచ్చి, ఏడుగురు మరణించినారు. ఆ రబ్బరు బలహీనత ఆ దినమే బయటపడినది కాదు. 1981 నవంబరులో రెండవ ప్రయాణపు బూస్టరును విప్పినప్పుడే వలయము కాలిన గుర్తు కనిపించినది. 1985 జనవరిలో, చలిలో ఎగిరిన బూస్టరు కీళ్లలో నల్లని మసి కనిపించినది. సముద్రములో మునిగిపోయి యుంటే ఈ సాక్ష్యము ఎవరికి దొరికెడిది? ఈతగాండ్రు ప్రాణములొడ్డి తెచ్చిన సాక్ష్యమది. ముందునాటి రాత్రి తయారీ సంస్థ ఇంజనీర్లు ఈ చలిలో వద్దని వాదించినారు. పైవారు వినలేదు. తెచ్చిన దానిని చూచియు పెడచెవిని పెట్టినచో ఓడలు పంపి ప్రయోజనమేమి?

ఇక జమాఖర్చుల సంగతి. షటిలు వారమునకొకటి చొప్పున ఎగురునని మొదట అంచనా. ఎక్కువగా ఎగిరిన 1985లోనే 9 మాత్రమే. గుమాస్తాలమైన మాకు ఇక్కడి కిటుకు సులభముగనే బోధపడును. వ్యాగను ఖరీదు ఒక్కసారి పెట్టునది. అది సైడింగులో నిలిచిన నష్టము ప్రతిదినము వచ్చునది. ఓడలు, ఈతగాండ్రు, కార్ఖానా జీతములు బూస్టరు ఎగిరినను ఎగురకున్నను ఇవ్వవలసినవే. ప్రయాణములు తగ్గినకొలది ఒక్కొక్క దానిపై పడు వాటా పెరిగినది. వెనుకకు తెచ్చుట కుదిరినది గాని త్వరగా పంపుట కుదరలేదు.

2011 జూలైలో షటిలు కడపటిసారి లేచినప్పుడు దాని బూస్టరులో 1981 నాటి మొదటి ప్రయాణపు ఉక్కు భాగమొకటి ఉండినది. ఇంత భద్రముగా కాపాడిన పాత భాగములను 2022 నవంబరు 16న చంద్రుని వైపు పోయిన ఆర్టెమిస్ రాకెట్టుకు బిగించినారు. ఈసారి పారాచూట్లు లేవు, ఓడలు లేవు. అవి అట్లాంటిక్‌లో కలిసిపోయినవి. వార్త చదివిన మాకు మనసు చివుక్కుమన్నది.

ఈ మధ్యలో మరొక దారి తెరుచుకొన్నది. స్పేస్ ఎక్స్ వారు తమ ఫాల్కన్ 9 బూస్టరుకు 2010లో పారాచూట్లే పెట్టి చూచినారు. అవి విచ్చుకొనక మునుపే గాలి దెబ్బకు బూస్టరు ముక్కలైనది. అటుపైన, ఇంజనును మరల వెలిగించి, వేగమును తగ్గించుకొనుచు, నాలుగు కాళ్లపై నిలువుగా దింపు ఉపాయము పట్టినారు. 2015లో రెండు మారులు ఓడపై దిగబోయి పగిలిపోయినది. ఆ సంవత్సరమే డిసెంబరు 21 రాత్రి కేప్ కెనవెరల్ నేలపై చక్కగా నిలిచినది. 2016 ఏప్రిల్‌లో ఓడపై దిగిన బూస్టరే 2017 మార్చి 30న మరల ఉపగ్రహమును మోసుకొని పోయి, మరల దిగినది. ఆ మధ్య గడచినది దాదాపు ఒక సంవత్సరము. 2025 మార్చిలో ఒక బూస్టరు 9 దినములకే తిరిగి ఎగిరినది. ఆ ఆగస్టులో మరొకటి 30వ ప్రయాణము చేసినది. షెడ్డుకు పోయి మరునాటి డ్యూటీకి వచ్చు ఇంజను తీరు ఇప్పుడిప్పుడే దానికి అలవడుచున్నది.

మన దేశపు పని వేరు తీరుగా సాగుచున్నది. ఇస్రో వారు తిరిగి వాడదగిన వాహనమునకు రెక్కలు పెట్టినారు. 2016 మే 23న మన నెల్లూరు తీరపు శ్రీహరికోట నుండి, సుమారు 6.5 మీటర్ల పొడవైన చిన్న నమూనా 65 కిలోమీటర్ల ఎత్తునకు పోయి బంగాళాఖాతములో దిగినది. దానిని వెనుకకు తేలేదు. నేలపై దింపు పరీక్షలు చళ్లకెరె రన్‌వేపైన జరిగినవి. 2023 ఏప్రిల్ 2న హెలికాప్టరు దానిని 4.5 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకొనిపోయి విడిచినది. నడుపువాడు లేకయే అది దారి చూచుకొని దిగినది. 2024 మార్చి 22న రెండవ పరీక్ష. జూన్ 23న మూడవది. దారికి 500 మీటర్లు ప్రక్కగా విడిచినను సరిదిద్దుకొని, గంటకు 320 కిలోమీటర్లకు పైగా వేగముతో నేల తాకి, రన్‌వే మధ్యనే నిలిచినది. ఆ మూడవసారి ఎగిరినది మార్చిలో దిగిన దేహమే, ఏ మార్పును లేక.