ఫోన్‌లో మెయిల్ విన్న రోజులు

ఈ వారం ఎపిసోడ్‌లో నేను చెప్పిందే ఇక్కడ రాతలో పెడుతున్నాను. నైట్ షిఫ్ట్‌లో ఉండి వినలేకపోయినవాళ్లు చదువుకోండి. మైకు ముందు మర్చిపోయిన రెండు మూడు సంగతులు కూడా ఇందులో చేర్చాను.

విషయం ఏందంటే, ఆఫీసు మెయిల్‌ను మామూలు ఫోన్ చేసి చెవితో వినే ఏర్పాటు. ఒకప్పుడు అది ఉండేది. మా సైటులో దాన్ని పెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. తర్వాత అది పోయింది. అది ఎలా పుట్టింది, ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నదే ఈ కథ. అందనివాళ్లలో ఒకరి విషయంలో తప్పు నాది కూడా ఉంది. అది కూడా దాచకుండా చెప్తాను.

ముందు మా ఇంటి క్యాసెట్

మా బాపు 1983లో షార్జా పోయిండు. మాది జగిత్యాల దగ్గర పల్లె. అప్పుడది కరీంనగర్ జిల్లా. అవ్వకు చదువు రాదు. ఉత్తరం వస్తే పోస్ట్‌మన్ చదవాలి, లేకుంటే బడి సారు చదవాలి. ఎవరు చదివినా మా ఇంటి అప్పు ఎంతో ఊరికి తెలిసిపోయేది.

నాకు ఏడేళ్లప్పుడు సెలవుకొచ్చిన ఒకాయన చేత బాపు టేప్ రికార్డరూ, నాలుగు క్యాసెట్లూ పంపిండు. ఒకదాంట్లో బాపు గొంతు. అవ్వ తలుపుకు గొళ్లెం పెట్టి విన్నది. "మల్లయ్య అప్పు తీరినంకనే గోడ లేపుదాం, అప్పటిదాక ఆగు" అన్న మాట దగ్గర మళ్లీ మళ్లీ తిప్పి విన్నది. జవాబు రెండో వైపు రికార్డు చేసేవాళ్లం. ఎర్ర బటనూ, ప్లే బటనూ రెండూ కలిపి నొక్కే పని నాది. మధ్యలో కోడి కూస్తే అవ్వ మాట ఆపేది. "ఆపకు అవ్వా, టేపు తిరుగుతనే ఉన్నది" అని నేను సైగ చేసేవాణ్ణి.

గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో చాలామందికి ఇలాంటి జ్ఞాపకం ఒకటి ఉంటుంది. ఐఎస్‌డీ కాల్ నిమిషానికి ఒక రోజు కూలీ తినే కాలం అది. చదువు రాని మనిషికి క్యాసెట్ ఒక మర్యాద ఇచ్చింది. తన ఉత్తరం తానే వినొచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

హేస్‌లో గొంతుల ఫ్యాక్టరీ

నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేశాను. దుబాయిలో పదేళ్లు పని చేసి, మా ఆవిడకు ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే 2012లో ఆమె వెంట హేస్ వచ్చాను. స్టేషన్ దిగి బ్లైత్ రోడ్డు మీద నడిస్తే పాత ఎర్ర ఇటుకల, తెల్ల కాంక్రీటు బిల్డింగులు కనబడతాయి. ఇప్పుడు ఆ జాగాను ఓల్డ్ వైనిల్ ఫ్యాక్టరీ అంటారు. అక్కడ ఫ్లాట్లు కట్టారు. నేను కూడా ఆ చుట్టుపక్కలే పని చేశాను.

అది గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ. 1907లో నెల్లీ మెల్బా అనే పేరుమోసిన ఆస్ట్రేలియా గాయని దానికి పునాది రాయి వేసింది. మన ఇళ్లలో రికార్డుల మీద గ్రామఫోన్ ముందు కూర్చుని వినే కుక్క బొమ్మ ఉండేది కదా, హిజ్ మాస్టర్స్ వాయిస్, ఆ కంపెనీయే. 1931లో కొలంబియా కంపెనీతో కలిసి ఈఎంఐ అయింది. రెండు చెవులకు రెండు రకాలుగా వినిపించే స్టీరియో పద్ధతికి ఈఎంఐ ఇంజనీరు అలాన్ బ్లమ్‌లైన్ పేటెంటుకు దరఖాస్తు పెట్టింది కూడా 1931లోనే. 1935లో వాళ్లు హేస్ స్టేషన్‌లో రైళ్లు వచ్చి పోవడాన్ని స్టీరియోలో చిత్రించి పరీక్షించారు. మనం రోజూ ఎక్కే అదే స్టేషన్.

ఈ కంపెనీకి మన దేశంతో సంబంధం ఇంకా పాతది. 1902లో వాళ్ల మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా పోయి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. పాట అయిపోగానే ఆమె ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెప్పేది. రికార్డులు జర్మనీలో అచ్చయ్యేవి, అక్కడివాళ్లకు ఏ ముక్క ఎవరిదో తెలియాలి కదా. వాయిస్ మెసేజ్ చివర మనం "నేను ఫలానా" అని చెప్పడం అప్పటి నుంచే ఉందన్నమాట.

పాటకంటే ముందు ఉత్తరం

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ చేశాడు. దాంతో ఏం చేయొచ్చో మరుసటి ఏడాది ఒక జాబితా రాశాడు. అందులో మొదటిది పాట కాదు, ఉత్తరాలు చెప్పి రాయించుకోవడం. 1898లో డెన్మార్క్‌కు చెందిన వాల్డెమార్ పౌల్సెన్ ఉక్కు తీగ మీద అయస్కాంతంతో గొంతును పట్టే యంత్రం చేశాడు. మనిషి లేనప్పుడు వచ్చే ఫోన్ మాటను దాచడం దాని ఉద్దేశాల్లో ఒకటి. 1900లో పారిస్ ప్రదర్శనలో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ దాంట్లో మాట్లాడాడు. ఆ రికార్డు ఇప్పటికీ ఉంది.

తర్వాత 1963. ఆ ఒక్క ఏడాదిలోనే మన కథకు కావలసిన రెండు వస్తువులు బయటికొచ్చాయి. ఫిలిప్స్ కంపెనీ చిన్న క్యాసెట్‌ను తెచ్చింది. అమెరికాలో బెల్ కంపెనీ నొక్కే బటన్ల ఫోన్‌ను తెచ్చింది. ఒక్కో బటన్‌కు రెండు స్వరాలు కలిసి మోగుతాయి, అవతలి యంత్రం ఆ స్వరాలను బట్టి మీరు ఏ అంకె నొక్కారో గుర్తుపడుతుంది. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే ప్రతి గొంతు వెనకా ఉన్నది ఇదే. 1979లో గోర్డన్ మాథ్యూస్ కంపెనీల కోసం వాయిస్ మెయిల్ పద్ధతికి పేటెంటు అడిగాడు, 1983లో వచ్చింది. బాపు షార్జా పోయిన ఏడు.

ఇక మైక్రోసాఫ్ట్. వాళ్ల మెయిల్ సర్వర్ పేరు ఎక్స్చేంజ్. 2007 వెర్షన్‌లో యూనిఫైడ్ మెసేజింగ్ అనే భాగం చేర్చారు. వాయిస్ మెయిల్ వచ్చి మామూలు మెయిల్ డబ్బాలోనే పడుతుంది. అందులోనే ఔట్‌లుక్ వాయిస్ యాక్సెస్ అనేది ఒకటి. ఏ ఫోన్ నుంచైనా ఒక నంబర్‌కు చేసి, ఎక్స్‌టెన్షనూ, పిన్నూ కొడితే, ఒక ఆడగొంతు మీ మెయిళ్లు చదివి వినిపిస్తుంది. మీటింగుకు లేటవుతుందని ఫోన్‌లోనే కబురు పంపొచ్చు. ఇంటర్నెట్ అక్కర్లేదు, స్మార్ట్ ఫోన్ అక్కర్లేదు.

మా సైటులో పెట్టిన తీరు

2013 చివర్లో మా సబ్ కాంట్రాక్టరు కంపెనీ దాన్ని పెట్టించింది. కంటైనర్ ఆఫీసులో ఐటీ కుర్రాడొకడు రెండు రోజులు కూర్చున్నాడు. సైటు మీద నుంచి టెస్ట్ కాల్స్ చేసే మనిషి కావాలంటే నన్ను పిలిచారు. నాకు ఆసక్తి, పక్కన కూర్చుని కాగితం మీద బొమ్మ గీసుకున్నాను.

మా పాత ఫోన్ ఎక్స్చేంజ్ మాట సర్వర్‌కు అర్థం కాదు. కాబట్టి మధ్యలో గేట్‌వే అనే పెట్టె. ఇటు టెలిఫోన్ తీగ, అటు నెట్‌వర్క్ తీగ. తర్వాత సర్వర్‌లో డయల్ ప్లాన్ రాయాలి, అంటే ఎక్స్‌టెన్షన్‌కు ఎన్ని అంకెలు అన్న లెక్క. కొత్త వీధికి ఇంటి నంబర్లు వేసే పని లాంటిదే. ఆ తర్వాత ఏ నంబర్‌కు వచ్చిన కాల్‌ను సర్వర్ ఎత్తాలో హంట్ గ్రూప్‌లో చెప్పాలి. పిన్ కనీసం ఆరు అంకెలు. చివరికి ఒక్కో మనిషి డబ్బాకు ఎక్స్‌టెన్షన్ తగిలించి ఆన్ చేయాలి.

మొదటి రోజు కాల్ కలవనే లేదు. ఫైర్‌వాల్‌లో 5060 పోర్టు మూసి ఉంది. తెరిచాక కలిసింది గానీ ఎక్స్‌టెన్షన్ తప్పు అంటుంది. డయల్ ప్లాన్‌లో నాలుగు అంకెలు రాశారు, మా పాత ఫోన్లకు ఉన్నవి మూడే. అది సరిచేశాక సాయంత్రం నాలుగింటికి స్కఫోల్డింగ్ కింద నిలబడి నా మొదటి మెయిల్ విన్నాను. సిమెంటు లోడు గురించి. నా పేరును ఆ గొంతు ఎంత ఖూనీ చేసిందంటే పక్కనున్న పంజాబీ మేస్త్రీ పడీపడీ నవ్వాడు.

నోటితో చెప్పి కూడా నడపొచ్చన్నారు. కట్టర్ మోగుతుంటే, అందులోనూ నా ఇంగ్లీషుకు, అది ఒకటంటే ఇంకోటి వినేది. బటన్లే నయం. అది మాట్లాడే భాషల్లో ఇంగ్లీషులే నాలుగైదు రకాలు, జపనీస్, పోలిష్, స్వీడిష్ ఉన్నాయి. తెలుగు లేదు, హిందీ కూడా లేదు.

అయినా మేలు చేసింది. 2014లో ఒకరోజు పొద్దున 607 బస్సులో ఉండగా ఆ నంబర్‌కు చేశాను. స్లాబు కింద ప్రాప్స్ డ్రాయింగ్ మారింది, కాంక్రీటు ఆపండి అని ఇంజనీరు రాత్రి మెయిల్ పంపాడు. నా దగ్గర అప్పుడు ఉన్నది పాత బటన్ల ఫోన్. బస్సు దిగకముందే సైటుకు ఫోన్ చేసి పంపును ఆపించాను.

జాబితా

ఇప్పుడు నా తప్పు. ఈ సౌకర్యానికి ఎక్స్చేంజ్‌లో మనిషికింత అని అదనపు లైసెన్స్ కొనాలి. ఆఫీసువాళ్లు "ఎవరెవరికి కావాలో జాబితా ఇవ్వు" అన్నారు. మా గ్యాంగులో నలభై మంది. నేను తొమ్మిది పేర్లు రాశాను. నేను, చార్జ్‌హ్యాండ్లు, స్టోర్ చూసే అతను. మిగతావాళ్లకు మెయిల్ ఎందుకులే, ఏదైనా వస్తే నేను చెప్తాగా అనుకున్నాను.

మాతో శ్రీకాకుళం అన్న ఒకాయన షట్టరింగ్ కార్పెంటర్‌గా ఉండేవాడు. చేతిపని బంగారం. తెలుగే కూడబలుక్కుని చదివేవాడు, ఇంగ్లీషు చదవలేడు గానీ వింటే చాలామట్టుకు అర్థమయ్యేది. వీసా రెన్యువల్ అయినవాళ్లు కొత్త కాగితం ఫలానా తేదీలోపు చూపించాలని ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఆయనకు కంపెనీలో చేరినప్పుడు ఎవరో తెరిచి ఇచ్చిన మెయిల్ ఉంది, దాన్ని ఆయన ఎప్పుడూ తెరవలేదు. ఆ రెండు వారాలు నేను చెల్లెలి పెళ్లికి ఊళ్లో ఉన్నాను. చెప్పేవాడు లేడు. కాగితం ఆయన ఇంట్లోనే ఉంది, అడిగినవాళ్లు లేరు. తేదీ దాటగానే గేటు కార్డు ఆగిపోయింది. మూడు వారాలు పని లేదు, జీతం లేదు.

నేను తిరిగొచ్చి అడిగితే ఆయన కోప్పడలేదు. "తమ్ముడూ, ఆ ఫోన్లో మాటాడే ఆడమనిషి నాకూ చెప్పుంటే ఇనేవోణ్ని కదా" అన్నాడు. అంతే.

ఆ రాత్రి నాకు అవ్వ గుర్తొచ్చింది. 1986లో చదువు రాని మా అవ్వ తన ఉత్తరం తానే విన్నది. 2014లో, గొంతులు అమ్ముకుని పెరిగిన ఈ హేస్‌లో, వినే యంత్రం మా కంటైనర్‌లోనే ఉండగా, దాని అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నవాడికి నేను దాన్ని ఇవ్వలేదు. చదవగలిగిన తొమ్మిది మందికి ఇచ్చాను. లైసెన్సు ఖర్చు కంపెనీది, కానీ పేర్లు రాసిన చెయ్యి నాది.

మన దగ్గరే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. 2008 ప్రాంతంలో ఐబీఎం ఇండియా పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ పల్లెలో ఫోన్ నంబర్‌నే వెబ్‌సైటులాగా వాడే ప్రయోగం చేశారు. ఊరివాళ్లు మామూలు ఫోన్‌తో చేసి తెలుగులో సమాచారం వినేవాళ్లు, తమ మాట కూడా రికార్డు చేసి పెట్టేవాళ్లు. అక్కడ మొదలుపెట్టిందే చదవలేనివాడి నుంచి.

అది పోయింది, మరి ఇప్పుడు?

2018లో వచ్చిన ఎక్స్చేంజ్ 2019 వెర్షన్‌లో యూనిఫైడ్ మెసేజింగ్ తీసేశారు. ఆన్‌లైన్ సర్వీసులో 2020 మొదట్లో ఆపేశారు. ఫోన్ చేసి మెయిల్ వినే నంబర్ అలా మూగబోయింది. అందరి చేతిలో స్మార్ట్ ఫోన్ ఉంది కదా అని. 2013 నుంచి వాట్సాప్‌లో గొంతు పంపుకుంటున్నాం కదా అని.

నిజమే. కానీ జీతం, వీసా, సేఫ్టీ, సెలవు, ఇవన్నీ ఇంకా మెయిల్‌లో ఇంగ్లీషు రాతలోనే వస్తున్నాయి. కాబట్టి మూడు మాటలు. ఒకటి, మీ ఫోన్ సెట్టింగుల్లో తెర మీది రాతను చదివి వినిపించే ఏర్పాటు ఉంటుంది, పక్కనున్న తమ్ముణ్ణి అడిగి ఆన్ చేయించుకోండి. మెయిల్‌ను కాపీ చేసి గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేస్తే తెలుగులో వినొచ్చు. తేదీలూ, అంకెలూ మాత్రం అసలు మెయిల్‌లోనే సరిచూసుకోండి. రెండు, పాస్‌వర్డ్ గానీ పిన్ గానీ ఫోన్‌లో అడిగేవాడు ఎవడైనా ఇవ్వకండి. మూడోది సూపర్‌వైజర్లకు. మెయిల్ వచ్చిన రోజే దాన్ని మీ గొంతుతో గ్రూపులో పెట్టండి. సెలవు మీద పోతే ఆ పని ఇంకొకరికి అప్పజెప్పి పోండి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను. టూల్‌బాక్స్ టాక్ అయ్యాక తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి, రెండు నిమిషాల పని.

శ్రీకాకుళం అన్న ఇప్పుడు బర్మింగ్‌హామ్ వైపు ఉన్నాడు. ఈ ఎపిసోడ్ ముందు ఆయనకే పంపించాను, ఆయన కథ చెప్పడానికి ఒప్పుకున్నాకే బయటపెట్టాను. జవాబు వాయిస్‌లోనే వచ్చింది, వెనక రంపం చప్పుడుతో.

బాపు క్యాసెట్లు రెండు మా దగ్గర ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఉంటే టేపు బూజు పట్టకముందే ఫోన్‌లోకి ఎక్కించుకోండి. వాటి కథ మాకు పంపాలనుంటే రాయక్కర్లేదు, మాట్లాడి పంపండి.