వీపు మీద రెండు గాట్లు

1940. అమెరికాలోని బోస్టన్ సిటీ హాస్పిటల్. బల్ల మీద బోర్లా పడుకున్న మనిషి రోగి కాదు, అక్కడి యువ సర్జనే. పేరు జాన్ క్రాండన్. పది రోజుల కిందట తోటి డాక్టర్లు అతని వీపు మీద గాటు పెట్టి కుట్లు వేశారు. ఇప్పుడు అక్కడే మళ్లీ కోసి చూస్తున్నారు. పైపైన చర్మం అతుక్కున్నట్టే ఉంది. కత్తి కాస్త కిందికి దిగేసరికి అసలు సంగతి బయటపడింది. లోపల అతుకన్నదే లేదు. గాటు నిండా గడ్డకట్టిన నెత్తురు.

ఆ గాయం మానుతుందా, మానదా అని తేల్చుకోవడానికే ఆర్నెల్లుగా ఆ మనిషి పండూ కూరా ముట్టలేదు.

ఆ రోజుల్లో సర్జన్లను ఒక అనుమానం పీడించేది. ఆపరేషన్ చక్కగా జరుగుతుంది, చీము పట్టదు, అయినా కొందరికి కుట్లు విడిపోతాయి. విటమిన్ సి తక్కువై కాదు కదా? గినీ పందుల్లో అలా జరుగుతుందని అప్పటికే తెలుసు. 1932లో ఆ విటమిన్ ఏదో తేలింది, మరుసటి ఏడు దాని రసాయన నిర్మాణం తెలిసింది, రక్తంలో ఎంతుందో కొలిచే పరీక్ష కూడా వచ్చింది. ఎటొచ్చీ మనుషుల్లో రుజువు లేదు. రోగులను ఆర్నెల్లు అలా మాడ్చలేరు. క్రాండన్ తననే పరీక్షకు పెట్టుకున్నాడు.

1939 చివర్లో మొదలైంది. పాలు, పండ్లు, కూరగాయలు బంద్. రొట్టె, చీజ్, గుడ్లు, బిస్కెట్లు, చాక్లెట్, బీరు మాత్రమే. మిగతా విటమిన్లకు లోటు రాకుండా మాత్రలు వేసుకునేవాడు. రేపు ఏం తేడా వచ్చినా నెపం ఒక్క విటమిన్ సి మీదే పడాలి కదా!

41వ రోజుకల్లా రక్తపు ప్లాస్మాలో విటమిన్ సి సున్నా. అది సున్నా అయితే, విటమిన్ సి లోటుతో వచ్చే స్కర్వీ జబ్బు పట్టినట్టేనని అప్పట్లో చాలామంది నమ్మకం. ఈయనేమో నిక్షేపంగా ఉన్నాడు. మూడో నెలలో వీపు మీద మొదటి గాటు పెట్టించుకున్నాడు. పది రోజులకు కోసి చూస్తే శుభ్రంగా మానింది. ప్రయోగం తుస్సుమందనుకుని మరొకరైతే ఆపేసేవారే. అతను ఆపలేదు.

కిటుకు తెల్ల రక్తకణాల్లో ఉంది. ప్లాస్మా ఖాళీ అయినా అవి తమ నిల్వను పట్టుకునే ఉంటాయి. ఆ నిల్వ కూడా అయిపోయాకే ఒంట్లో తేడాలు మొదలయ్యాయి. ముందు నీరసం. హార్వర్డ్ ఫెటీగ్ లేబొరేటరీలో పరుగు యంత్రం ఎక్కిస్తే కొద్ది సెకన్లకే చతికిలబడ్డాడు. నాలుగు నెలలు దాటాక చర్మం గరుకెక్కి బొడిపెలు లేచాయి. ఐదు నెలలు దాటాక కాళ్ల మీద రోమాల మొదళ్ల చుట్టూ నెత్తుటి చుక్కలు. విచిత్రమేమిటంటే, స్కర్వీ అనగానే మనకు గుర్తొచ్చే చిగుళ్ల వాపు అతనికి రానేలేదు. అప్పుడు పెట్టించుకున్నదే మనం మొదట్లో చూసిన ఆ రెండో గాటు.

లోపల జరిగిందేమిటి? మన కండను, చర్మాన్ని, ఎముకను పట్టి ఉంచేది కొలాజెన్ అనే ప్రొటీన్. మూడు పేటలు పెనవేసిన కొబ్బరి తాడు లాంటిది. ఆ పేటలు విడిపోకుండా ఉండాలంటే వాటిలోని ప్రోలీన్ అనే భాగాలకు అక్కడక్కడా ఆక్సిజన్, హైడ్రోజన్ జత తగిలించాలి. ఆ పని చేసే ఎంజైమ్ గుండెకాయలో ఒక ఇనుము పరమాణువు ఉంటుంది. అది ఆక్సీకరణ చెంది మొరాయిస్తే, ఎలక్ట్రాన్ ఇచ్చి మళ్లీ దారిలో పెట్టేది విటమిన్ సి. అది లేకపోతే ఒంటి వేడికే పేటలు వీడిపోతాయి.

ఎలక్ట్రాన్‌ను ఇంత తేలిగ్గా వదులుకునే గుణమే దానికి చేటు కూడా. గాలి తగిలినా, వేడి తగిలినా, రాగి తగిలినా పాడవుతుంది. నీళ్లలో కరుగుతుంది కాబట్టి కూర ఉడికించి నీళ్లు వంపేస్తే వాటితోపాటే పోతుంది. పైగా అదేమంత గహనమైన పదార్థం కాదు. 6 కార్బన్, 8 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు, గ్లూకోజుకు దగ్గరి చుట్టం. మేక తన కాలేయంలో గ్లూకోజు నుంచే దాన్ని తయారుచేసుకుంటుంది. మనకూ, కోతులకూ, గినీ పందులకూ ఆఖరి మెట్టులోని ఎంజైమ్ తయారుచేసే జన్యువు ఎప్పుడో చెడిపోయింది.

కొలాజెన్ ఒకసారి అల్లుకుంటే సరిపోదు, మచ్చల్లో కూడా అది మారుతూనే ఉంటుంది. 1740లో బయలుదేరిన బ్రిటిష్ నౌకాధికారి ఆన్సన్ నౌకాయాత్రలో స్కర్వీ సోకిన ఒక ముసలి నావికుడికి, యాభై ఏళ్ల కిందట ఐర్లండులో జరిగిన బోయిన్ యుద్ధంలో తగిలిన గాయం మళ్లీ తెరుచుకుందని ఆ యాత్ర రాతల్లో ఉంది.

మళ్లీ బోస్టన్‌కు వద్దాం. గాయం మానలేదని తేలగానే క్రాండన్ నరంలోకి రోజుకు 1 గ్రాము విటమిన్ సి ఎక్కించారు. ఇంకో పది రోజులకు చూస్తే గాయం చక్కగా మానుతోంది. 1940లోనే ఇదంతా న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. ఒక్క మనిషి మీద చేసిన పరీక్ష సాక్ష్యంగా ఏపాటిదని అడగొచ్చు. నిజమే. కానీ తర్వాత ఇంగ్లాండులోని షెఫీల్డులో, యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న వాలంటీర్ల మీద జరిగిన పరీక్షలోనూ స్కర్వీ దశలో గాయాలు సరిగా మానలేదు. రోజుకు 10 మిల్లీగ్రాములిస్తే స్కర్వీ తగ్గింది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో విటమిన్ సి మగవారికి రోజుకు 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు చాలంది. వంద గ్రాముల జామపండులో 200 పైనే ఉంటుంది. జలుబు చేయగానే విటమిన్ సి మాత్రల డబ్బా కొనేవాళ్లు గమనించాలి.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. పులుపు తింటే చీము పడుతుందని, పండ్లు పడవని, ఆపరేషన్ అయినవాళ్లకు మన ఇళ్లలో వారాల తరబడి పథ్యం పెడతారు. డాక్టరు వేరే కారణంతో వద్దంటే తప్ప, కుట్లు పడ్డ మనిషికి నిమ్మకాయ, జామపండు మాన్పించకండి.