ఇంట్లో పిల్లని ఎవరు చూస్తారు?

1987లో ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. బల్లకి అవతల ఐదుగురు మగవాళ్ళు. రాజనీతిశాస్త్రంలో రెండు ప్రశ్నలు అడిగారు. మూడో ప్రశ్న మాత్రం శాస్త్రంలోది కాదు. "చంటిపిల్ల ఉంది కదమ్మా, ఇంట్లో ఎవరు చూస్తారు?" అన్నారు. "మా అత్తగారు చూసుకుంటారండీ" అన్నాను. ఐదు తలలూ తృప్తిగా ఊగాయి.

నేను చెప్పింది అబద్ధం. అత్తగారు పల్లెలో ఉన్నారు, ఆమె మోకాళ్ళే ఆమె మాట వినేవి కావు. మా పిల్లకి పాలు పట్టి, ఉగ్గు పెట్టి, జోకొట్టింది మా ఇంట్లో పనిచేసే అక్క. ఆమె సంగతి చెబితే "పనిమనిషి చేతిలో పిల్లని పెట్టి ఉద్యోగాలా" అంటారని భయపడ్డాను. ఉద్యోగం వచ్చింది. అక్క మాత్రం నా జవాబులోంచి జారిపోయింది. ఆ అబద్ధం నన్ను చాలా ఏళ్ళు ఏమీ చెయ్యలేదు. ఆ తర్వాత క్లాసులో అమెరికా రాజ్యాంగం పాఠం చెబుతూ ఉన్నప్పుడే గుచ్చుకోవడం మొదలైంది.

ఆ పాఠంలో ఒక అంశం ఉంటుంది. అధ్యక్షుడు మంత్రుల్నీ రాయబారుల్నీ న్యాయమూర్తుల్నీ తనంతట తాను నియమించలేడు. పేరు ప్రతిపాదించాలి, సెనేట్ ఆమోదించాలి. రాజ్యాంగం రెండో అధికరణంలో ఉన్న నియమం ఇది. ఇలా సెనేట్ ఆమోదం కావాల్సిన పదవులు ఇవాళ వెయ్యికి పైనే. 1788లో హామిల్టన్ దీన్ని సమర్థిస్తూ, అధ్యక్షుడు తన బంధువుల్నీ భజనపరుల్నీ పదవుల్లో కూర్చోబెట్టకుండా సెనేట్ అడ్డుకుంటుందని వాదించాడు. వినడానికి బాగుంటుంది. మా విద్యార్థులు కూడా "అధికారాల సమతూకం" అని పరీక్షల్లో చక్కగా రాసేవారు. ఆ తూకం రాళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయని మాత్రం సిలబస్ అడగదు.

1807లో జెఫర్సన్ తన ఖజానా మంత్రి గాలటిన్‌కి రాసిన ఉత్తరంలో, ఆడవాళ్ళని పదవుల్లో పెట్టే కొత్త పోకడకి ప్రజలూ సిద్ధంగా లేరు, తానూ లేనని తేల్చి చెప్పాడు. తర్వాత నూరేళ్ళకి పైగా సెనేట్ ముందుకి వచ్చిన పేర్లు దాదాపు అన్నీ మగ పేర్లే. ఆడవాళ్ళకి దేశమంతటా ఓటు రావడానికి ఎనిమిదేళ్ళ ముందు, 1912లో, పిల్లల సంక్షేమం చూసే చిల్డ్రన్స్ బ్యూరోకి జూలియా లేత్రాప్ అధిపతి అయ్యింది. ఫెడరల్ ప్రభుత్వంలో ఒక బ్యూరోకి మహిళ అధిపతి కావడం అదే మొదలు. పిల్లల శాఖ కాబట్టి ఆడమనిషికి ఇవ్వొచ్చనుకున్నారేమో!

మంత్రివర్గంలోకి మొదటి మహిళ రావడానికి ఇంకో ఇరవయ్యొక్క ఏళ్ళు పట్టింది. 1933 మార్చి 4న రూజ్వెల్ట్ మంత్రివర్గాన్నంతా సెనేట్ ఒక్కరోజులోనే ఆమోదించింది. అందులో కార్మిక మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్. కార్మిక సంఘం మనిషి కాదని అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ నాయకులు అలిగినా, సెనేట్ ఆమెని పిలిచి విచారించలేదు. అప్పుడు సెనేట్‌లో ఉన్న మహిళ ఒక్క హాటీ కారవే మాత్రమే. పెర్కిన్స్ భర్త మానసిక అనారోగ్యంతో ఆస్పత్రుల్లో గడిపేవాడు. కూతురు, ఇల్లు, సంపాదన అన్నీ ఆమె మీదే. ఆ సంగతులేవీ బయటికి పొక్కకుండా పన్నెండేళ్ళు మంత్రిగా పనిచేసింది. ఆమె మౌనం నాకు బాగా అర్థమవుతుంది. ఇంటి గుట్టు తెలిస్తే పదవికి పనికిరానంటారని భయం. నా అబద్ధానికి అది పెద్దక్క.

1935లో వచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం వెనక ఆమె కష్టం చాలా ఉంది. పనిచేసిన వాళ్ళకి ముసలితనంలో పింఛను ఇచ్చే చట్టమిది. ఆమె అధ్యక్షత వహించిన కమిటీ మొదట తయారుచేసిన ప్రతిపాదనలో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళూ ఉన్నారు, పొలం కూలీలూ ఉన్నారు. చట్టమయ్యేసరికి ఇద్దరూ లేరు. ఇంటింటికీ తిరిగి పన్ను వసూలు చెయ్యడం కష్టమని ఖజానా శాఖ అభ్యంతరం చెప్పింది. నల్లజాతి కూలీల మీద తమ పట్టు సడలుతుందని దక్షిణాది సభ్యులకి బెంగ. ఈ రెండిట్లో ఏది అసలు కారణమని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఫలితంలో మాత్రం వాదన లేదు. దేశంలోని నల్లజాతి శ్రామికుల్లో సగానికి పైగా ఆ చట్టం బయట మిగిలిపోయారు. ఉద్యోగాలు చేసుకుంటున్న నల్లజాతి ఆడవాళ్ళలో ఎక్కువమందికి దొరికే పని ఇంటిచాకిరీయే. సెనేట్ గుమ్మం దాటి మంత్రి అయిన మొదటి స్త్రీ కాలంలోనే, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ స్త్రీలు చట్టం బయట ఉండిపోయారు. క్రమం తప్పకుండా ఒకే ఇంట్లో పనిచేసేవాళ్ళకి 1950 సవరణతో గానీ ఆ హక్కు రాలేదు. అప్పటినుంచీ పనిమనిషిని పెట్టుకున్న యజమాని ఆమె పేరున పన్ను కట్టాలి. చాలామంది కట్టలేదు. ఎవరూ అడగలేదు కూడా.

అడిగిన రోజు 1993 జనవరిలో వచ్చింది. దాని ముందు కథ ఒకటి చెప్పాలి.

1991 అక్టోబరులో సుప్రీంకోర్టుకి ప్రతిపాదించిన క్లారెన్స్ థామస్ మీద, ఆయన దగ్గర పనిచేసిన అనితా హిల్ లైంగిక వేధింపు ఆరోపణ చేసింది. ఆయన కాదన్నాడు. సెనేట్ ఆ మాట పట్టించుకోకుండా ఓటు వేసేసేటట్టు ఉందని, అక్టోబరు 8న దిగువసభ మహిళా సభ్యులు ఏడుగురు సెనేట్ మెట్లెక్కారు. పాట్ ష్రోడర్, పాట్సీ మింక్, బార్బరా బాక్సర్ వాళ్ళలో ఉన్నారు. డెమొక్రాట్ సెనేటర్లు భోజనానికి కూర్చున్న గది తలుపు తడితే, బయటివాళ్ళకి ప్రవేశం లేదన్నారు. తమ పార్టీ వాళ్ళే, తమ సొంత భవనమే! ఆ మెట్ల మీది ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఓటు వారం వాయిదా పడింది. విచారించిన కమిటీలో పద్నాలుగు మంది, అందరూ తెల్ల మగవాళ్ళే. వాళ్ళ ముందు నల్లజాతి న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఒంటరిగా కూర్చుని, తనకి జరిగిన అవమానాన్ని మాటల్లో పెట్టాల్సి వచ్చింది. మళ్ళీ మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. అలాంటి అనుభవమే చెప్పడానికి వచ్చిన ఏంజెలా రైట్‌ని సాక్ష్యానికి పిలవనే లేదు. 52-48 ఓట్లతో థామస్ న్యాయమూర్తి అయ్యాడు. ఆ నూరుమందిలో మహిళలు ఇద్దరే.

ఆ కోపంతో 1992 ఎన్నికల్లో నలుగురు కొత్త మహిళలు సెనేట్‌కి గెలిచారు. వాళ్ళలో డయాన్ ఫైన్‌స్టైన్, కారల్ మోస్లీ బ్రాన్ న్యాయ కమిటీలో చేరారు. చేరీ చేరగానే వాళ్ళ ముందుకి వచ్చిన పేరు జోయీ బెయిర్డ్. దేశానికి మొదటి మహిళా అటార్నీ జనరల్‌గా క్లింటన్ ఎంచుకున్న లాయరు.

బెయిర్డ్ ఒక బీమా కంపెనీలో ఏడాదికి 5 లక్షల డాలర్లకు పైగా జీతం తీసుకునేది. బిడ్డని చూడటానికి, కారు నడపటానికి పెరూ దేశపు దంపతుల్ని పెట్టుకుంది. వాళ్ళకి పనిచేసే అనుమతి పత్రాలు లేవు. వాళ్ళ పేరున సోషల్ సెక్యూరిటీ పన్నూ కట్టలేదు. ఈ సంగతి ఆమె ముందే క్లింటన్ మనుషులకి చెప్పింది. కమిటీ ముందు మాత్రం, ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు తాను ఆలోచించింది తల్లిగానని సంజాయిషీ ఇచ్చుకుంది. భర్త న్యాయశాస్త్ర ప్రొఫెసర్. ఆయనా ఆ ఇంటి యజమానే. కానీ బిడ్డని ఎవరు చూస్తారనే ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది తల్లేనని కమిటీతో పాటు దేశమంతా అనుకుంది. సెనేటర్ల ఆఫీసులకి ఫోన్లు వరదలా వచ్చాయి. జనవరి 22న ఆమె తప్పుకుంది.

ఆ వార్త చదివిన రోజు నేను బెయిర్డ్ పక్షాన స్టాఫ్ రూంలో గొంతు చించుకున్నాను. మగవాళ్ళని ఎప్పుడైనా ఇలా అడిగారా అన్నాను. నా వాదనకి బలం తర్వాతి రెండు వారాల్లోనే దొరికింది. రెండోసారి అనుకున్న జడ్జి కింబా వుడ్ ఏ చట్టమూ తప్పలేదు. ఆమె ఆయాని పెట్టుకున్ననాటికి పత్రాలు లేనివాళ్ళని పెట్టుకోకూడదనే 1986 చట్టం రాలేదు. పన్ను కూడా కట్టింది. అయినా ఫిబ్రవరి 5న తప్పుకోవాల్సి వచ్చింది. అదే నెలలో, అప్పటికే వాణిజ్య మంత్రి అయిన రాన్ బ్రౌన్ కూడా పనిమనిషి పన్ను కట్టలేదని బయటపడింది. ఆయన బాకీ కట్టేశాడు, కుర్చీ కదల్లేదు. చివరికి మార్చి 11న 98-0తో ఆమోదం పొందింది జానెట్ రీనో. ఆమె సమర్థురాలే, అందులో సందేహం లేదు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. ఆ అర్హత ఏ రాజ్యాంగంలోనూ రాసి ఉండదు.

ఇంతవరకూ నా వాదన సరైనదేనని ఇప్పటికీ అంటాను. ఆ తర్వాత ఇదే కారణంగా మగవాళ్ళూ పోగొట్టుకున్నారు. 2004లో బెర్నార్డ్ కెరిక్, 2017లో ఇతర ఆరోపణలతో కలిపి ఆండ్రూ పజ్డర్ తప్పుకున్నారు. కానీ వాళ్ళు ఎలాంటి తండ్రులని ఎవరూ అడగలేదు.

నాకు చాలా ఆలస్యంగా తట్టిన సంగతి వేరే ఉంది. 1993లో ఫోన్లు చేసినవాళ్ళలో ఎందరో ఆడవాళ్ళు. తక్కువ జీతాలతో, పిల్లల్ని పక్కింట్లో వదిలి, బస్సు పట్టుకుని పనికెళ్ళేవాళ్ళు. మేం చట్టం తప్పకుండానే బతుకుతున్నాం, నీకేం తక్కువని వాళ్ళ ప్రశ్న. దాన్ని ఆడవాళ్ళకి ఆడవాళ్ళే శత్రువులని కొట్టిపారేశాం మేము. అది వర్గం ప్రశ్న. ఇక పెరూ దంపతుల్ని ఏ కమిటీ సాక్షులుగా పిలవలేదు. వాళ్ళు ఆ కథలో ఒకరి తప్పుకి రుజువు మాత్రమే. వాళ్ళకి రావాల్సిన పింఛను గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ ఇంట్లో పెరిగిన బిడ్డతో పాటు ఆ స్త్రీ వయసూ పెరిగింది కదా!

గొడవ సద్దుమణిగాక 1994లో కాంగ్రెస్ చట్టం మార్చింది. అంతకుముందు మూడు నెలల్లో ఒక పనిమనిషికి 50 డాలర్లు ఇచ్చినా పన్ను కట్టాలి. కొత్త చట్టంలో ఏడాదికి 1,000 డాలర్లు దాటితేనే. యజమానులకి ఊరట. నాలుగైదు ఇళ్ళల్లో కొంచెం కొంచెం చేసుకునే ఆమెకి మాత్రం, ఒక్కో ఇంటి దగ్గరా పరిమితి దాటకపోతే, పింఛను లెక్కలో ఏదీ పడదు. అటార్నీ జనరల్ పదవి కోసం జరిగిన పెద్ద యుద్ధం చివరికి ఎవరికి మేలు చేసిందో చూడండి.

మన దగ్గర ఇలాంటి ఆమోదం లేదు. 1949 మే 24న రాజ్యాంగ సభలో న్యాయమూర్తుల నియామకం చర్చకి వచ్చినప్పుడు, అమెరికా పద్ధతి పెట్టాలన్న సూచనకి అంబేద్కర్ ఒప్పుకోలేదు. ప్రతి నియామకానికీ చట్టసభ ఒప్పుదల కావాలంటే అది జంజాటమే కాకుండా రాజకీయ ఒత్తిడికీ దారిస్తుందన్నాడు. అమెరికా చరిత్ర చదివాక ఆ భయం అకారణమని అనలేను. కానీ మన పద్ధతిలో తలుపులు మూసే ఉంటాయి. అక్కడ 1929 దాకా నియామకాల మీద చర్చ కూడా మామూలుగా మూసిన తలుపుల వెనకే జరిగేది. తలుపులు తెరిచాకే అనితా హిల్‌కి జరిగింది దేశం కళ్ళారా చూసింది, చూశాకే నలుగురు గెలిచారు. నన్ను ప్రశ్నించిన ఐదుగురి మాటలు ఏ రికార్డులోనూ లేవు. నా అబద్ధమూ లేదు. తెరిచిన తలుపు ఆడవాళ్ళని గాయపరుస్తుంది, మూసిన తలుపు గాయం జరగనట్టే చేస్తుంది. నన్ను ఎంచుకోమంటే తెరిచిన తలుపునే ఎంచుకుంటాను. కాకపోతే బల్లకి అవతల కూర్చునేవాళ్ళు మారాలి, ఇవతల ఎవర్ని పిలుస్తారన్నదీ మారాలి.

అక్క మా ఇంట్లో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. నేను 2015లో రిటైరయ్యాను. నెలనెలా పింఛను బ్యాంకులో పడుతుంది. నా సర్వీసు పుస్తకంలో ప్రతి రోజుకీ లెక్క ఉంది. ఆ రోజులన్నిటిలో నేను క్లాసులో ఉండగలిగింది ఆమె మా ఇంట్లో ఉండబట్టి. ఆమెకి సర్వీసు పుస్తకం లేదు. పండక్కి చీర, అవసరానికి అప్పు, మానేసిన రోజున కొంత డబ్బు ఇచ్చి, చాలా మంచిగా చూసుకున్నాననే అనుకున్నాను. బెయిర్డ్ కూడా అలాగే అనుకుని ఉంటుంది.

మొన్న అక్క మా పిల్లని చూడటానికి వచ్చింది. పిల్లకి ఇప్పుడు పిల్లలు. మాటల్లో నా ఇంటర్వ్యూ సంగతి చెప్పాను, అత్తగారు చూస్తారని అన్నానని. అక్క నవ్వింది. "పోనీలే అమ్మా, ఉద్యోగం వచ్చింది గదా" అంది. కాసేపాగి, "ఆ రోజు నా పేరు చెప్పుంటే, నాకూ ఏదో ఒక కాయితం ఉండేదేమో" అంది. దానికి ఏం జవాబు చెప్పాలో నాకు తెలియలేదు. చివరికి ఒక నోట్‌బుక్ తీసుకుని, ఆమె ఏ ఏడు మా ఇంటికొచ్చిందో, ఎంత జీతం మీద మొదలుపెట్టిందో అడిగి రాయడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళకి పైగా ఆలస్యంగా.