ఎద్దు మెడ నుంచి టర్బో దాకా: తొప్పూరు కనుమ ఎక్కిన బరువుల కథ



మన ధర్మపురి తెలుగువాళ్లలో పికప్ బండి లేని వీధి లేదంటే అతిశయోక్తి కాదు. పాలక్కోడు టమాటా, కృష్ణగిరి మామిడి, ధర్మపురి మార్కెట్‌కి వచ్చే పట్టుగూళ్లు, ఇళ్లు కట్టేచోటికి వెనక కొక్కేనికి తగిలించి లాక్కుపోయే కాంక్రీట్ మిల్లర్... అన్నీ ఆ బండ్ల మీదే నడుస్తాయి. అందుకే నలుగురు కలిసినచోట ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది: “బండి పాతదైపోయింది. తొప్పూరు ఎక్కేటప్పుడు రెండో గేరుకి దిగిపోతోంది. టర్బో బూస్ట్ పెంచిస్తే లాగుతుందా?”

ఈ ప్రశ్న కొత్తది కాదు. మన జిల్లాలో రెండు వందల ఏళ్లకు పైగా ఎవరో ఒకరు దీన్ని అడుగుతూనే ఉన్నారు. ఇంజిన్ లేనప్పుడు కూడా అడిగారు. అందుకే ఈసారి ఆ చరిత్రే రాద్దామనుకున్నాం. చివర్లో మన బండి దగ్గరికే వస్తాం.

ముందు చిన్న లెక్క. బండి, సరుకు కలిపి 3 టన్నులు అనుకుందాం. 20 అడుగులు ముందుకెళ్తే 1 అడుగు పైకి లేచే ఎత్తు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలి. ఆ బరువును పైకి లేపడానికే సుమారు 16 హార్స్‌పవర్ కావాలి. టైర్ల రాపిడి, ఎదురుగాలి, గేర్లలో పోయేది దీనికి అదనం. వెనక ఇంకో టన్నున్నర తగిలిస్తే 16 కాస్తా 24 దాటుతుంది. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ ఇంజిన్ బలం మొత్తం కలిపి 16 హార్స్‌పవర్. మైదానంలో చలాకీగా తిరిగిన బండి కనుమలో ఎందుకు ఆయాసపడుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. 1792లో టిప్పు సుల్తాన్ నుంచి బారామహల్ ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. అంటే ఇప్పటి ధర్మపురి, కృష్ణగిరి వైపు సీమ. పన్నులు కట్టడానికి అలెగ్జాండర్ రీడ్‌ని పెట్టారు. ఆయన కింద పనిచేసిన కుర్ర అధికారుల్లో ఒకరు థామస్ మన్రో. 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వెళ్లి, రాయలసీమ ఇళ్లలో ఇప్పటికీ తలుచుకునే ఆ మన్రో దొర, రైతు లెక్కలు నేర్చుకున్నది మన ఊళ్లలోనే. ఆ రోజుల్లో ఈ సీమలో బరువు లాగే యంత్రం ఎద్దు.

పెన్నాగరం వైపు ఆలంబాడి పేరుతో ఒక ఎద్దు జాతే ఉంది. మైసూరు హళ్లికార్‌కి దగ్గర చుట్టం. మన ఒంగోలు గిత్తంత భారీ మనిషి కాదు, పాలకూ పేరు లేదు. లాగడానికే పుట్టిన జాతి. హొసూరు పక్కన మత్తిగిరిలో కంపెనీవాళ్లు 1824లో పెద్ద క్షేత్రం పెట్టారు. మొదట్లో అది సైన్యానికి గుర్రాలు పెంచడానికి. తర్వాత పశువుల క్షేత్రంగా మారింది, నేటికీ ఉంది. అంటే ‘హార్స్‌పవర్’ అన్నమాట మన దగ్గర మొదట అక్షరాలా గుర్రాలే.

బండివాడి తెలివి ఒకటి గమనించాలి. ఎత్తు ఎక్కువైతే ముందు ఇంకో జత ఎద్దుల్ని కట్టేవాడు. బండి ఆగితే చక్రం వెనక రాయి పెట్టేవాడు. పల్లంలో మాత్రం బరువంతా కాడి మీదుగా ఎద్దుల మెడ మీదికి తోసుకొస్తుంది. అక్కడ అదనపు జత పనికిరాదు. చక్రానికి కట్టె అడ్డం వేసి, బండిని పట్టి పట్టి దించాల్సిందే. ఎక్కడానికి ఒక ఏర్పాటు, దిగడానికి ఇంకొకటి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

తర్వాత ఆవిరి వచ్చింది. మద్రాసు నుంచి సేలం వైపు వేసిన పెద్ద రైలుమార్గం మొరప్పూరు మీదుగా పోయింది, ధర్మపురిని వదిలేసింది. ఆ లోటు తీర్చడానికి 1906లో మొరప్పూరు నుంచి ధర్మపురికి రెండున్నర అడుగుల వెడల్పున్న చిన్న రైలు వేశారు. 1913కి అది హొసూరు దాకా వెళ్లింది. ధర్మపురి సముద్రమట్టానికి సుమారు 1,500 అడుగుల ఎత్తు. హొసూరు దాదాపు 2,900. ఆ బుల్లి ఇంజిన్లు అంత ఎత్తు ఎక్కి సరుకు చేర్చాయి. రెండో ప్రపంచ యుద్ధ సమయంలో, 1941లో, ఆ మార్గం మూతపడింది. మొరప్పూరు రైలు మళ్లీ రావాలన్న కోరిక జిల్లాలో ఇంకా వినబడుతూనే ఉంటుంది. రైలు పోయాక బరువంతా రోడ్డు మీద పడింది. మనవాళ్లు లారీల వైపు మళ్లారు.

1948లో పుట్టిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో టాటా మెర్సిడెస్ లారీలు తయారయ్యాయి. ఆనాటి లారీలకు టర్బో లేదు. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఎంత గాలి లోపలికొస్తే అంతే. డీజిల్ ఎంత పోయాలన్నది గాలి చేతిలోనే ఉంటుంది. గాలి చాలకుండా డీజిల్ పోస్తే బలం రాదు, నల్లపొగ వస్తుంది. పైగా ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. స్థూలంగా ప్రతి 100 మీటర్లకు 1 శాతం తగ్గుతుందని లెక్క. హొసూరు చేరేసరికి టర్బో లేని ఇంజిన్ తన బలంలో పన్నెండో వంతు దాకా పోగొట్టుకుంటుంది. ఎక్కుడు మొదలైనచోటే ఊపిరి తగ్గడం మొదలవుతుంది.

దీనికి విరుగుడు కనిపెట్టింది స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూషి. సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడిపొగతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రంతో గాలిని ఇంజిన్‌లోకి కుక్కవచ్చని 1905లో పేటెంటు తీసుకున్నారు. అది గట్టిగా పనిచేసి చూపడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1920లలో రెండు జర్మన్ ప్రయాణికుల నౌకల డీజిల్ ఇంజిన్లకు బిగిస్తే 1,750 హార్స్‌పవర్ ఉన్నది 2,500కి పెరిగింది. ఈలోగా 1918లో అమెరికాలో శాన్‌ఫోర్డ్ మాస్ అనే ఇంజినీరు ఒక విమానం ఇంజిన్‌ని లారీకెక్కించి, 14,000 అడుగులు దాటిన పైక్స్ పీక్ కొండ మీదికి తీసుకెళ్లి టర్బో పరీక్షించారు. పలచటి గాలిలో పోయిన బలం టర్బోతో తిరిగొచ్చింది. టర్బోకి తొలి పెద్ద పరీక్షల్లో ఒకటి కొండ మీద జరిగిందన్నమాట. ఘాట్ రోడ్డు పక్కన బతికే మనకు ఇది వింతగా అనిపించదు.

మన దేశంలో ఇది ఆలస్యంగా వచ్చింది. తమిళనాడులోనే 1982లో టర్బో ఎనర్జీ అనే కంపెనీ మొదలై టర్బోచార్జర్లు తయారుచేసింది. 1993లో టాటా కమ్మిన్స్ ఏర్పడి, 5.9 లీటర్ల టర్బో ఇంజిన్ టాటా లారీల్లోకి వచ్చింది. ఆ ఇంజిన్ కుటుంబమే అమెరికాలో 1989 మోడల్ నుంచి డాడ్జ్ రామ్ పికప్‌లలో ఉంది. అక్కడి పికప్‌లో 160 హార్స్‌పవర్ ఇచ్చి పెద్ద పెద్ద ట్రైలర్లు లాగింది. చిన్న బండ్ల సంగతి వేరు. 1980ల మహీంద్రా జీపులకు ఫ్రాన్స్ పూజో కంపెనీ నుంచి వచ్చిన 2.1 లీటర్ల డీజిల్ ఉండేది, టర్బో లేదు. 1988 నాటి టాటామొబైల్‌కీ లేదు. 2000 నుంచి దేశమంతటా పొగ నియమాలు బిగుసుకుంటూ వచ్చాయి. 2005, 2010, 2017, 2020 ఒక్కొక్క మెట్టు. పొగ తగ్గాలంటే గాలి ఎక్కువ కావాలి కదా, చాలా చిన్న డీజిల్ బండ్లకూ టర్బో వచ్చింది. 2011లో హొసూరులో తయారైన అశోక్ లేలాండ్ దోస్త్ మూడు సిలిండర్ల ఒకటిన్నర లీటర్ల ఇంజిన్‌తోనే దాదాపు 55 హార్స్‌పవర్ ఇచ్చింది. హొసూరు 2004 దాకా మన ధర్మపురి జిల్లాలోదే. గుర్రాల క్షేత్రం పక్క ఊళ్లోనే టర్బో బండి తయారైంది!

ఇక మన పాత పికప్ దగ్గరికి వద్దాం. టర్బో ఉన్న బండి ఒకప్పుడు లాగి ఇప్పుడు లాగడం లేదంటే, కొత్త బూస్ట్ కొనే ముందు పోయిన బూస్ట్ వెతకండి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుందా? టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు గొట్టాలు పగిలాయా, క్లాంపులు వదులయ్యాయా? ఎక్కేటప్పుడు బుస్సుమని శబ్దం వస్తోందా? టర్బోకి ముందు ఎగ్జాస్ట్ దగ్గర లీకు ఉందా? వేస్ట్‌గేట్ మూసుకోకుండా ఇరుక్కుపోయిందా? టర్బో ఇరుసు చేత్తో కదిపితే ఊగుతోందా? వీటిలో చాలావాటికి వందల్లో ఖర్చు. చాలా బండ్లకు ఇక్కడే సగం ప్రాణం తిరిగొస్తుంది. చిన్న బూస్ట్ గేజ్ ఒకటి పెట్టించుకుంటే ఊహలతో పనిలేదు.

ఆ తర్వాతదే ప్రమాదకరమైన మెట్టు. డాడ్జ్ పికప్‌ల పాత ఇంజిన్లకు పంపు మీదున్న స్క్రూ తిప్పి డీజిల్ పెంచడం అమెరికాలో పెద్ద సరదా. మన దగ్గర కూడా పంపు “టైట్” చేయించేవాళ్లున్నారు. డీజిల్ పెరిగితే పొగ వేడి పెరుగుతుంది, ఆ వేడితోనే టర్బో ఇంకా వేగంగా తిరుగుతుంది, బలమూ వస్తుంది. కానీ టర్బోకి ముందు ఎగ్జాస్ట్ వేడి 700 డిగ్రీల సెల్సియస్ దగ్గర చాలాసేపు నిలిస్తే పాత పిస్టన్లు తట్టుకోవడం కష్టం. పైకి ఎక్కేది కొద్ది నిమిషాలే అయినా, ఎక్కుతున్నంతసేపూ యాక్సిలరేటర్ అడుగుకి తొక్కే ఉంటుంది. అసలు టర్బోయే లేని ఇంజిన్‌కి బయటి టర్బో బిగించడం ఇంకా కష్టం. ఆ పిస్టన్లు, హెడ్ గాస్కెట్, రేడియేటర్, క్లచ్ ఏవీ ఆ బరువు కోసం చేసినవి కావు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగినరోజు ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది అదే.

ఇంతకంటే పెద్ద సంగతి ఎవరూ అడగనిది. ధర్మపురి నుంచి సేలం వైపు దిగే తొప్పూరు కనుమ ఎన్ని ప్రాణాలు తీసిందో మనకు చెప్పక్కర్లేదు. డీజిల్ మిగులుతుందని గేరు తీసేసి న్యూట్రల్‌లో దించడం, బ్రేకులు కాలిపోవడం, ముందున్న బండ్ల మీద పడడం. 3 టన్నుల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే ఎక్కడో ఒకచోట వదలాల్సిన వేడితో దాదాపు 10 లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. న్యూట్రల్‌లో ఉంటే ఆ వేడిలో చాలా భాగం నాలుగు బ్రేకుల మీదే పడుతుంది. టర్బో ఎంత పెంచినా అది దిగేటప్పుడు ఒక్క అణా సాయం చేయదు. వెనక బ్రేకులు లేని మిల్లర్ ఉంటే అది మనల్ని తోస్తుంది, ఎద్దు మెడ మీదికి కాడి తోసినట్టే. పెద్ద లారీల్లో ఎగ్జాస్ట్ బ్రేక్ అయినా ఉంటుంది. చాలా పాత పికప్‌లలో అదీ లేదు.

అందుకే అడిగినవాళ్లకు మేం చెప్పే మాట ఇది. బూస్ట్ కోసం పెట్టే ప్రతి రూపాయికి ముందు బ్రేక్ లైనింగులు, బ్రేక్ ఆయిల్, టైర్లు, రేడియేటర్ చూసుకోండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. లాగే బరువు పెంచాలనిపిస్తే రెండు ట్రిప్పులు వేయండి. సరుకు గంట ఆలస్యమైతే మహా అయితే తిడతారు.

మొరప్పూరు చిన్న రైలు ఎక్కిన పెద్దలు, ఆలంబాడి ఎద్దులతో కనుమ దాటిన ఇళ్లు, మొదటి టాటా మెర్సిడెస్ కొన్న కుటుంబాలు మనలో ఇంకా ఉన్నాయి. పాత ఫోటోలు, పర్మిట్ కాగితాలు, తాతలు చెప్పిన మాటలు ఏమున్నా సంఘానికి చేర్చండి. తర్వాతి వ్యాసం వాటితోనే రాద్దాం.