ఒడిశా తీరపు తెలుగు మత్స్యకారులు: పడవకు తగిన యంత్రము

ఒడిశాలో గంజాము మొదలుకొని పూరీ వరకు గల సముద్రతీరమున, చేపల వేటయే జీవనాధారముగా గల తెలుగువారు అనేక తరములనుండి నివసించుచున్నారు. వీరిలో వాడబలిజలును జాలరులును ముఖ్యులు. ఒడియావారు వీరిని నోలియాలని పిలుతురు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగువరకు గంజాము మద్రాసు రాజధానిలోనిదే. కావున వీరి పూర్వులు గంజాము తీరమునకు పోవుట పరదేశగమనము కాదు. ఉన్న తీరము వెంట ఉత్తరముగా సాగుటయే. పూరీలోని పెంటకోట పేరు వినినంతనే విశాఖ తీరమందలి పెంటకోట స్ఫురించును. పూరీకి వచ్చు యాత్రికులు వీరిని సముద్రస్నానవేళ చేయి పట్టి కాపాడువారిగా మాత్రమే యెరుగుదురు. కాని వీరి ఇటీవలి చరిత్రలోని పెద్ద మలుపు పడవకు యంత్రము తగిలించుట. ఎంత శక్తి గల యంత్రమును కొనవలెనను ప్రశ్న పైకి బేరసారముల మాటగా తోచును. దాని లోపల, వేటలో వచ్చిన సొమ్మున ఎవరి పాలు ఎంత యను ప్రశ్న దాగియున్నది.

పూర్వము వీరికి రెండు విధములైన సాధనములుండెను. దుంగలను చేర్చి కట్టిన తెప్ప ఒకటి. పలకలను కొబ్బరి త్రాటితో కుట్టిన పడవ రెండవది. కుట్టుపడవకు లోపల ఎముకలవంటి అడ్డుకొయ్యలు లేవు. కెరటము కొట్టినప్పుడు అది వంగి, మరల సర్దుకొనును. ఓడలు లంగరు దింపిన కాలమున గోపాలపురము రేవులో సరకులను మనుష్యులను ఒడ్డుకు చేర్చినవి ఇట్టి పడవలే. ఆ వంగు గుణమే యంత్రమునకు అడ్డయ్యెను. పడవ వెనుక తగిలించు యంత్రమునకు గట్టి వెనుకపలక కావలెను. అది తెప్పకును లేదు, కుట్టుపడవకును లేదు. పూరీ తీరమున పడవ నిలుపుటకు సహజమైన రేవు లేదు. ప్రతిదినమును ఉరకలెత్తు కెరటములను దాటి పోవలెను, దాటి రావలెను. తిరిగి వచ్చిన పడవను ఇసుకపైకి లాగవలెను. నీటి క్రింద తిరుగు రెక్కలు ఇసుకకు తగిలిన విరుగును.

1979లో మద్రాసు కేంద్రముగా ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ నెలకొల్పిన బంగాళాఖాత కార్యక్రమము ఈ చిక్కునే చేపట్టి, ఒడ్డుకెక్కు పడవలను రూపొందించి తూర్పుతీరమున పరీక్షించెను. వానిలో చిన్న డీజిలు యంత్రమును, ఇరుసును, రెక్కలను ఒక్కటిగా బిగించి, కెరటములలో పైకెత్తుటకు వీలు కల్పించిరి. తరువాత వ్యాపించిన ఫైబరు పడవలలో ఈ ఎత్తుకొను సదుపాయము పొడవైన ఇరుసు గల డీజిలు యంత్రముగా కనబడును. 10 అశ్వశక్తికి అటునిటుగా ఉండు ఈ యంత్రము చప్పుడు పెద్దది, వేగము కొద్ది. చూపరులకు మోటుగా తోచును. అయినను ఈ తీరమునకు ఒప్పినది అదియే.

ఒప్పుటకు కారణము పడవ పొడవులో ఉన్నది. బరువెత్తుకొని నీటిని చీల్చుకొని పోవు పడవకు ఒక హద్దు కలదు. నీటిని తాకు పొడవు ఎన్ని మీటర్లో దాని వర్గమూలమును నాలుగున్నరచే హెచ్చించిన, గంటకు ఇన్ని కిలోమీటర్లని ఆ హద్దు తేలును. 7 మీటర్లకు అది 12 కిలోమీటర్లు. ఆపైన పడవ తాను లేపిన అలనే తాను ఎక్కజూచును. వలలతో, చేపలతో నిండిన పడవకు అది కొండ యెక్కుటవంటిది. హద్దుకు లోపలను వేగము చౌక కాదు. కావలసిన శక్తి ఇంచుమించు వేగపు ఘనమును అనుసరించి పెరుగును. 30 కిలోమీటర్ల దూరమును గంటకు 10 కిలోమీటర్ల చొప్పున 3 గంటలలో పోవచ్చును. 12 చొప్పున రెండున్నర గంటలలో పోవచ్చును. అరగంట కలిసివచ్చును గాని ఇంధనము నూటికి నలుబదికి పైగా అధికమగును.

పెద్ద యంత్రమును కొని మెల్లగా నడుపరాదా యని అడుగవచ్చును. నడుపవచ్చును, కాని దాని వెల తగ్గదు, బరువు తగ్గదు. 40 అశ్వశక్తి పెట్రోలు యంత్రము సాధారణముగా 70 కిలోలకు అటునిటుగా గాని అంతకు మించి గాని ఉండును. ఆ బరువు వెనుక కూర్చున్నచో పడవ తోక దిగి, వెనుకనుండి వచ్చు కెరటము లోనికి చొచ్చును. పైగా ప్రక్క పడవ సంతకు ముందు చేరుచున్నదని చూచిన వాని చేయి ఊరకుండునా? మరీ చిన్న యంత్రమును క్షేమము కాదు. రెండు కెరటముల నడుమ దొరకిన సందులో పడవను దాటించుటకును, ఎదురుగాలిలో ఇల్లు చేరుటకును కొంత శక్తి మిగులు ఉండితీరవలెను.

కేరళలో 1980 తరువాత యంత్రముల పోటీ వేరు దారి పట్టెను. అచట 7, 8 అశ్వశక్తితో మొదలైన యంత్రములు 25కు, 40కి పెరిగినవి. ఒక్క పడవకు రెండు మూడు తగిలించుటయు కలదు. దానికి హేతువు వల. గుంపుగా పరుగెత్తు కవళ్లను, కానాగంతలను చుట్టివేయుటకు వేగము కావలెను. పూరీ తెలుగువారు ఎక్కువగా వాడునది నీటిలో వదలి కాచుకొను వల. చేప వచ్చి దానిలో చిక్కవలెనే గాని, పడవ చేపను తరుమదు. అట్టివారు కేరళ యంత్రమును చూచి ఆశపడుట వల నెరుగక పడవను కొనుటవంటిది.

ఇంధనపు లెక్క మరింత కఠినము. రెండు విసరుల కిరోసిన్ యంత్రము అశ్వశక్తికి గంటకు సుమారు అరలీటరు త్రాగును. డీజిలు యంత్రము పావు లీటరు. ఐదు గంటలు నిండు వేగముతో నడిచిన 10 అశ్వశక్తి డీజిలు యంత్రమునకు పండ్రెండున్నర లీటర్లు, 25 అశ్వశక్తి కిరోసిన్ యంత్రమునకు 60 లీటర్లకు పైగా కావలెను. కిరోసిన్ ప్రభుత్వపు చవుక ధరకు దొరకినన్నాళ్లు ఈ తేడా మరుగుపడియుండెను.

ఈ ఖర్చు యజమానుని సంచినుండి మాత్రమే పోదు. చేపలమ్మిన సొమ్మునుండి మొదట ఇంధనపు ఖర్చును తీసివేయుదురు. తరువాత పడవకు, వలకు, యంత్రమునకు వాటాలు పోగా తక్కినది వేటకు పోయినవారు పంచుకొందురు. తెప్పపై తెడ్డు వేసిన కాలమున కళాసి పెట్టినది చెమట యొక్కటే. నేడు తాను ఎన్నుకొనని యంత్రమునకు తన కూలినుండి నూనె పోయుచున్నాడు. చేపలు పడని దినమున యంత్రము త్రాగినది మాత్రము తప్పదు. యంత్రమునకై వ్యాపారి ఇచ్చిన బయానా, ఒడిశాలో దాదను అని పేరుగలది, తీరువరకు చేపలను ఆతనికే, ఆతడు చెప్పిన వెలకే ఇయ్యవలెను. యంత్రము పెద్దదైనకొలది దాదను పెద్దది. ఒడ్డున చేపలు కొని తట్టలో పెట్టుకొని ఊరూర అమ్ము ఆడువారి చేతికి అంత తక్కువ సరకు దక్కును.

2019 మే 3వ తేదీన ఫణి తుఫాను పూరీ వద్ద తీరము దాటినప్పుడు పెంటకోటలో పడవలు, వలలు, యంత్రములు పాడయ్యెను. మరల కొనవలసినవారి యెదుట ఈ లెక్క అంతయు క్రొత్తగా నిలిచెను: పడవ ఎన్ని మీటర్లు, వల ఏది, అప్పు ఎవరిది, నూనె ఎవరి వాటానుండి.