ఉక్కు ఊరిలో కూల్చేసిన చర్చి

విద్యార్థులారా, ఈ చరిత్రను మన భిలాయి నుంచే మొదలుపెడదాం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆరు రోజుల తర్వాత, ఫిబ్రవరి 10న, అమెరికా నుంచి ముప్ఫై ఏళ్ల బాప్టిస్టు పాస్టరు ఒకాయన ఢిల్లీలో విమానం దిగారు. ఆయనే మార్టిన్ లూథర్ కింగ్. గాంధీజీ నడిచిన దేశాన్ని చూడాలని వచ్చి సుమారు నెల రోజులు తిరిగారు. ఈ రెండు సంఘటనలకూ సంబంధం ఏమీ లేదు. కానీ నాలుగేళ్ల తర్వాత ఆయన పెద్ద పోరాటం నడిపిన ఊరు భిలాయిలాంటి ఉక్కు ఊరే. దాని పేరు బర్మింగ్‌హామ్. ఇంగ్లండులోది కాదు, అమెరికాలోని అలబామా రాష్ట్రంలోది.

ఇనుము తీయడానికి ఖనిజం, బొగ్గు, సున్నపురాయి కావాలని మీరు చదువుకున్నారు. మనకు ఖనిజం దల్లీ-రాజహరా నుంచి, సున్నపురాయి నందిని నుంచి వస్తాయి. బొగ్గు మాత్రం దూరం నుంచి రైల్లో రావాలి. బర్మింగ్‌హామ్‌కు ఈ మూడూ చుట్టుపక్కలే దొరికాయి. అక్కడి రెడ్ మౌంటెన్ అనే కొండకు ఆ పేరు తెచ్చిన ఎరుపు హెమటైట్‌ది, అంటే మన రాజహరా మట్టి రంగే. అయితే అక్కడి ఖనిజంలో ఇనుము శాతం తక్కువ, భాస్వరం ఎక్కువ. అందుకే తొలినాళ్లలో ఆ ఊరు పోత ఇనుముకే పేరుపడింది.

ఊరు పుట్టింది 1871లో. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి ఆరేళ్లే. కొలుముల దగ్గర, గనుల్లో బరువు పని నల్లజాతివారిదే. జైలు ఖైదీలను గనుల యజమానులకు అద్దెకిచ్చే పద్ధతి కూడా ఉండేది. ఆ ఖైదీల్లో అత్యధికులు నల్లవారే. అలబామాలో ఆ పద్ధతి 1928 దాకా సాగింది.

ఇలాంటి ఊళ్లో నల్లజాతి బాప్టిస్టులు 1873లో ఒక సంఘం కట్టుకున్నారు. (మన ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, 1878 జూలై 3న ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది దీనికి ఐదేళ్ల తర్వాతే. అక్కడా ఎక్కువమంది ఊరి బయట ఉంచినవారే.) మొదట చిన్న కట్టడంలో కూడుకునేవారు. 1884లో 16వ వీధిలో సొంతంగా ఇటుక మందిరం లేపారు. అప్పటి పాస్టరు విలియం పెటిఫోర్డ్ ప్రసంగాలతోనే ఊరుకోలేదు. కూలిడబ్బు దాచుకోవడానికి 1890లో అలబామా పెన్నీ సేవింగ్స్ బ్యాంకు స్థాపనకు పూనుకున్నారు. నా దృష్టిలో మందిరం గోడలకన్నా ఇదే గట్టి కట్టడం.

1901లో అలబామా కొత్త రాజ్యాంగం రాసుకుని నల్లవారి ఓటును దాదాపు తుడిచేసింది. 1908లో నగరపాలకులు ఈ మందిరం పనికిరాదని తేల్చి, కూల్చమని ఆదేశించారు. ఆదేశం ఇచ్చినవారిని ఎన్నుకునే హక్కు మందిరం కట్టినవారికి లేదు. ఇది గుర్తుంచుకుని ఆ ఆదేశాన్ని చదవండి.

మందిరం కూలింది, స్థలం మిగిలింది. అదే చోట కొత్త కట్టడానికి నమూనా గీసినవారు వాలెస్ రేఫీల్డ్ అనే నల్లజాతి వాస్తుశిల్పి. కట్టించిన కాంట్రాక్టరు విండమ్ కూడా నల్లవారే. సుమారు 26,000 డాలర్ల ఖర్చుతో 1911లో పూర్తయింది: రెండు గోపురాలు, కింద నేలమాళిగలో పెద్ద హాలు. ఊళ్లోని పెద్ద హాళ్లలోకి నల్లవారిని రానివ్వని రోజులవి. కాబట్టి సభలన్నీ ఇక్కడే.

1963 మే 2న ఈ చర్చి గుమ్మం నుంచే మీ వయసు పిల్లలు వందల సంఖ్యలో వరుసకట్టి బయల్దేరారు. వేరు చేసే చట్టాలు పోవాలన్నది వారి కోరిక. పోలీసులు వారిని అరెస్టు చేశారు. మర్నాడు కుక్కలను వదిలారు, నీటిగొట్టాలతో కొట్టారు. ఆ సెప్టెంబరు 15, ఆదివారం ఉదయం 10:22కు, మెట్ల కింద దాచిన బాంబు పేలింది. ఆడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కెరోల్ రాబర్ట్‌సన్, డెనీస్ మెక్‌నెయిర్ చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్లు, డెనీస్‌కు పదకొండు. పౌరహక్కుల చట్టం 1964 జూలై 2న వచ్చింది. నేరస్థులకు శిక్షలు మాత్రం 1977లో ఒకరికి, 2001లో మరొకరికి, 2002లో మూడో వ్యక్తికి పడ్డాయి.

1908లో లాగా ఈసారి కట్టడం కూలలేదు. గోడకు పెద్ద కంత పడింది, రంగుటద్దాలు పగిలాయి. బొగ్గు గనుల దేశమైన వేల్స్‌లో ఈ వార్త చదివినవారు కొత్త కిటికీకి చందాలు పోగుచేశారు. ఎవరో ఒక్క ధనవంతుడు మొత్తం ఖర్చు భరించకుండా, మనిషికి అర క్రౌను మించి ఇవ్వకూడదని నియమం పెట్టుకున్నారు. జాన్ పెట్స్ చేసిన ఆ కిటికీని 1965లో బిగించారు. అందులో చేతులు చాచి నిలబడిన క్రీస్తు నల్లవాడు.